మూడు షోలు వింటున్నా లీగ్‌లో పదో స్థానం. ఎవరి మాట వినాలి?

ఫ్రిస్కో_కిట్టు
ఆఫీసు ఫాంటసీ బేస్‌బాల్ లీగ్‌లో నాకిది రెండో ఏడాది. నిజం ఆటగాళ్ళని ఏరుకుని ఉత్తుత్తి జట్టు కట్టుకుంటాం, అసలు మ్యాచ్‌లలో వాళ్ళ అంకెలని బట్టి మన స్థానం. పన్నెండు జట్లు. పొద్దున ఆఫీసుకు వెళ్తూ ఒక పాడ్‌కాస్ట్, సాయంత్రం వస్తూ ఇంకొకటి, ఆదివారం రాత్రి గిన్నెలు కడుగుతూ యూట్యూబ్‌లో మూడోది. ఎవర్ని తీసుకోమంటే వాళ్ళని తీసుకున్నాను, ఎవర్ని వదిలెయ్యమంటే వాళ్ళని వదిలేశాను. మే సగం దాటింది, నేను పదో స్థానంలో ఉన్నాను. నా కింద ఉన్న ఇద్దరిలో ఒకాయన ఏప్రిల్ నుంచి లాగిన్ అయినట్టే లేదు.

మొన్నటి సంగతి చూడండి. ఒక షోలో ఇద్దరు కూర్చుని నా పిచర్ (బౌలర్ లాంటివాడు) గురించి "ఇక చాలు, వదిలించుకోండి" అన్నారు. వదిలించుకున్నాను. ఎవరో వెంటనే పట్టుకెళ్ళారు. తర్వాతి మ్యాచ్‌లో అతను ఏడు ఇన్నింగ్స్ వేసి ఒక్క పరుగు ఇచ్చాడు. ఈ వారం అదే షోలో అదే ఇద్దరు "ఇతన్ని ఎవరైనా వదిలేసి ఉంటే ఎగరేసుకుపోండి" అంటున్నారు! ముఖంలో ఏ మార్పూ లేకుండా!

ఆటగాళ్ళ పేర్లు చెప్పను, మా లీగ్ వాళ్ళు కొందరు ఇక్కడ తిరుగుతుంటారు. నాకు కావలసింది ఒక్కటే. ఇన్ని షోలలో నమ్మదగింది ఏది?

గల్లీక్రికెట్
ముందు ఆఖరి స్థానానికి శిక్ష ఏమిటో చెప్పు. దాన్ని బట్టి సలహా ఇస్తాం.

ఫ్రిస్కో_కిట్టు
సెప్టెంబర్ ఆఖర్లో టీమ్ మొత్తానికి బిర్యానీ. బయట నుంచి తెప్పించకూడదు, సొంతంగా వండాలి.

గల్లీక్రికెట్
మీ టీమ్ మీద జాలేస్తోంది.

ఎడిసన్_బాబాయ్
షోలు వినడంలో తప్పులేదు కిట్టూ. ఉగాది రోజు గుడిలో పంచాంగ శ్రవణం విన్నట్టు వినాలి, అంతే. పంతులుగారు మేషరాశికి ఆదాయం ఇంత, వ్యయం ఇంత అంటారు. ఆ రాశిలో పుట్టిన ప్రతివాడికీ అదే లెక్క. నీ ఇంటి అప్పు, నీ బాస్ సంగతి ఆయనకి తెలియవు కదా.

షోవాడికీ నీ జట్టు తెలియదు. వాడు మాట్లాడేది మామూలు లీగ్ గురించి. బ్యాటింగ్‌లో పరుగులు, హోమ్ రన్‌లు, ఆర్‌బీఐలు (తన బ్యాటింగ్‌తో జట్టుకి తెచ్చిన పరుగులు), స్టోలెన్ బేస్‌లు (సందు చూసి తర్వాతి బేస్‌కి పరుగెత్తడం), యావరేజ్. పిచింగ్‌లో విన్‌లు, సేవ్‌లు (ఆధిక్యం పోకుండా మ్యాచ్ ముగించడం), స్ట్రైకవుట్‌లు (మూడు స్ట్రైక్‌లతో బ్యాటర్‌ని అవుట్ చెయ్యడం), ఈఆర్‌ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున ఇచ్చే పరుగులు), విప్ (ఇన్నింగ్స్‌కి సగటున ఎందరిని బేస్ ఎక్కనిచ్చాడో). మీది ఇదేనా? రోటోనా (ఏడాది మొత్తం కూడి ఒక్కో కేటగిరీలో ర్యాంకుకి పాయింట్లు), హెడ్ టు హెడ్డా (వారానికో జట్టుతో పోటీ)? లైనప్ రోజూ మార్చుకోవచ్చా, వారానికోసారేనా? ఇవేవీ చెప్పకుండా ఏ షో మంచిదంటే ఎలా చెప్తాం?

సిన్సినాటి_చిన్నోడు
బాబాయ్, మా డ్రాఫ్ట్ (ఆటగాళ్ళని వంతులవారీగా ఏరుకోవడం) సరిగ్గా ఉగాది సాయంత్రమే, మార్చి 19న. పరాభవ నామ సంవత్సరం అని పొద్దునే చెప్పారు. మేమే పట్టించుకోలేదు.

నైట్‌షిఫ్ట్_నాని
నా మొదటి రౌండ్ బ్యాటర్‌కి రాజపూజ్యం 1, అవమానం 7. కళ్ళారా చూస్తున్నా.

ఫ్రిస్కో_కిట్టు
మాది హెడ్ టు హెడ్, పది కేటగిరీలు. కాకపోతే కమిషనర్ కొన్ని మార్చాడు. యావరేజ్ బదులు ఓబీపీ (హిట్ కొట్టే కాదు, ఎలాగైనా బేస్ చేరే రేటు). విన్‌ల బదులు క్వాలిటీ స్టార్ట్‌లు. సేవ్‌లూ హోల్డ్‌లూ (మధ్యలో వచ్చి ఆధిక్యం కాపాడి వెళ్ళడం) కలిపి ఒకే కేటగిరీ. లైనప్ రోజూ మార్చుకోవచ్చు. వెయివర్ (ఏ జట్టులోనూ లేనివాళ్ళని కొనుక్కోవడం) ఆదివారం రాత్రి, రహస్య బిడ్‌లు, ఏడాది మొత్తానికి వంద డాలర్ల ఉత్తుత్తి డబ్బు.

ఆల్ఫారెటా_అక్క
ఇది మొదటి పోస్ట్‌లోనే రాయాల్సింది తమ్ముడూ. పదింట్లో మూడు కేటగిరీలు వేరు. అంటే నువ్వు వినే షోలో సగం మాటలు నీ లీగ్‌కి వర్తించవు.

ఒక్కొక్కటే చూడు. లూయిస్ అరాయెజ్ 2022, 2023, 2024లో వరసగా మూడేళ్ళు, మూడు వేర్వేరు జట్లకి ఆడుతూ బ్యాటింగ్ టైటిల్ కొట్టాడు. యావరేజ్ లెక్కపెట్టే లీగ్‌లో బంగారం. కానీ వాక్‌లు (నాలుగు చెడ్డ బంతులకి ఊరికే దొరికే బేస్) తీసుకోడు. 2025లో యావరేజ్ .292, ఓబీపీ .327. మీ లీగ్‌లో అతను మామూలు మనిషి. అదే ఏడాది కైల్ ష్వార్బర్ యావరేజ్ .240. షోలో "హోమ్ రన్‌లు 56 కొడతాడు కానీ యావరేజ్ ముంచుతుంది" అని నసుగుతారు. మీకు ఏం ముంచుతుంది? అతని ఓబీపీ .365. మీ లీగ్‌లో అతనికి లోపమే లేదు.

ఇంక క్లోజర్లు, అంటే ఆఖరి ఇన్నింగ్స్ వేసి సేవ్‌లు తెచ్చే పిచర్లు. ప్రతి షోలో అరగంట వీళ్ళ మీదే. ఎవరి ఉద్యోగం ఊడింది, ఎవరికి వచ్చింది అని. మీకు హోల్డ్ కూడా సేవ్‌తో సమానం కాబట్టి ఎనిమిదో ఇన్నింగ్స్ వేసేవాడూ తొమ్మిదో ఇన్నింగ్స్ వేసేవాడూ ఒకటే. మొదటి రకం వెయివర్‌లో ఊరికే దొరుకుతాడు. రెండో రకం కోసం నువ్వు ఎంత ఖర్చుపెట్టావు?

ఫ్రిస్కో_కిట్టు
వందలో 61.

ఆల్ఫారెటా_అక్క
ఇద్దరికా?

ఫ్రిస్కో_కిట్టు
ఒక్కడికే అక్కా. ఏప్రిల్ రెండో ఆదివారం. షోలో "ఉన్నదంతా పెట్టెయ్యండి" అన్నారు.

సిన్సినాటి_చిన్నోడు
ఒక్క నిమిషం మౌనం.

ఎడిసన్_బాబాయ్
క్లోజర్ ఉద్యోగం ఎంత గట్టిదో మా యాంకీస్ వాళ్ళని అడగండి. 2025లో డెవిన్ విలియమ్స్ వచ్చాడు, లీగ్‌లోనే పేరున్న క్లోజర్. ఏప్రిల్ ఆఖరికి ఆ పని తీసేసి ల్యూక్ వీవర్‌కి ఇచ్చారు. ఇమాన్యుయెల్ క్లాసే సంగతి ఇంకా విచిత్రం. 2024లో 47 సేవ్‌లు, ఈఆర్‌ఏ 0.61. అంతకన్నా నమ్మకస్తుడు లేడనుకున్నారు. 2025 జూలైలో బెట్టింగ్ విచారణ అని సెలవు మీద పంపేశారు. అది ఏ షోవాడు ముందు చెప్పగలడు?

అందుకే వేలం లీగ్‌లలో పాతకాలం నుంచీ ఒక పద్ధతి ఉంది, లీమా ప్లాన్ అంటారు. రాన్ షాండ్లర్ అనే ఫాంటసీ రచయిత చెప్పింది. 260 డాలర్లలో పిచింగ్‌కి 60 దాటొద్దు, పేరున్నవాళ్ళ వెంట పడకుండా వాక్‌లు తక్కువ, స్ట్రైకవుట్‌లు ఎక్కువ ఉన్న చవకవాళ్ళని ఏరుకో అని. 1999లో హ్యూస్టన్‌కి 21 మ్యాచ్‌లు గెలిపించిన హోసే లీమా పేరు మీద వచ్చింది. ఇప్పటి లెక్కలకి 60 మరీ తక్కువే అనుకో, కానీ అందులో ఉన్న ఆలోచన పాతబడలేదు.

ఫ్రీమాంట్_ఫణి
అక్క చెప్పింది నిజమే, కానీ తప్పంతా షోల మీదకి నెట్టకండి. కిట్టూ, ఆ పిచర్‌ని వదలమన్నప్పుడు కారణం ఏం చెప్పారు?

ఫ్రిస్కో_కిట్టు
వరసగా మూడు మ్యాచ్‌లు చితక్కొట్టించుకున్నాడన్నారు. ఈఆర్‌ఏ 5 దాటింది.

ఫ్రీమాంట్_ఫణి
అది కారణం కాదు, స్కోరు. స్కోరు నీ ఫోన్‌లోనూ కనపడుతుంది, దానికి గంటసేపు షో ఎందుకు?

నేను చూసేవి ఇవి. కిందటేడాదితో పోలిస్తే ఫాస్ట్‌బాల్ వేగం పడిపోయిందా? ఎదుర్కొన్న బ్యాటర్లలో స్ట్రైకవుట్ అయినవాళ్ళ శాతం తగ్గిందా? వాక్‌లు పెరిగాయా? ఇవన్నీ బాగానే ఉండి, బ్యాట్‌కి తగిలిన బంతులు మాత్రం పోయి పోయి ఫీల్డర్ల మధ్యే పడుతున్నాయంటే అది చాలావరకు దురదృష్టం. లీగ్ మొత్తం మీద ఆటలో పడ్డ బంతుల్లో నూటికి ముప్ఫై దాకా హిట్‌లు అవుతాయి. ఒకడికి నెలరోజులు నలభై అయ్యాయంటే అది అలాగే కొనసాగదు. వోరోస్ మెక్రాకెన్ అనే ఆయన 2001లో ఈ సంగతి రాసినప్పుడు చాలామంది కొట్టిపారేశారు. ఇప్పుడు ఏ షో పెట్టినా బాబిప్, బాబిప్ (ఈ లెక్క పేరే అది) అంటూనే ఉంటారు.

అదే వేగం రెండు మైళ్ళు తగ్గిందంటే, ఈఆర్‌ఏ ఎంత అందంగా ఉన్నా నాకు టెన్షన్. చెయ్యి నొప్పికి అది తొలి సూచన కావచ్చు. స్టాట్‌కాస్ట్ (మైదానంలో పరికరాలతో బంతిని కొలిచే పద్ధతి) లెక్కలు 2015 నుంచీ బేస్‌బాల్ సావంట్ సైట్‌లో ఉచితంగా ఉన్నాయి. పేరు కొడితే వేగం గీత వస్తుంది. ఎవర్నైనా వదిలేముందు ఆ ఒక్క గీత చూడు, రెండు నిమిషాల పని.

గల్లీక్రికెట్
.300 యావరేజ్ అంటే ఏంటి బాసూ? మన దగ్గర యావరేజ్ 50 ఉంటేనే మనిషిగా చూస్తారు.

ఫ్రీమాంట్_ఫణి
పదిసార్లు బ్యాటింగ్‌కి వస్తే మూడు హిట్‌లు. వాక్‌లు అందులో లెక్కకి రావు. ఆ మూడు కొట్టినవాడు ఇక్కడ స్టార్. మిగతా ఏడుసార్లు అవుటై వచ్చినా ఎవరూ తిట్టరు.

గల్లీక్రికెట్
మా నాన్న ఒప్పుకోడు. డ్రీమ్ ఎలెవెన్ లాంటిదేనా ఇది? నాకూ ఒక జట్టు ఇప్పించండి, వంద రూపాయలు పెడతా.

మోడరేటర్
డబ్బు పెట్టే ఆటల ఆహ్వానాలు ఈ పేజీలో వద్దు. ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటలు తెలంగాణలో 2017 నుంచి, ఆంధ్రలో 2020 నుంచి నిషేధం. 2025 ఆగస్టులో దేశం మొత్తానికీ చట్టం వచ్చింది. ఉచిత లీగ్‌ల గురించి ఎంతైనా మాట్లాడుకోండి.

నైట్‌షిఫ్ట్_నాని
గల్లీ భాయ్, అది ఒక్క మ్యాచ్‌కి, ఇది ఆరు నెలలకి. ఒక్కో జట్టుకి 162 మ్యాచ్‌లు. పొద్దుగాల లేచి చూస్తే ఎవడో ఒకడు గాయపడే ఉంటాడు. పెళ్ళి చేసుకున్నట్టే అనుకో.

నాది క్లయింట్ వాళ్ళ లీగ్. హైదరాబాద్ నుంచి నేనొక్కడినే. న్యూయార్క్‌లో రాత్రి 7:05 మ్యాచ్ అంటే మనకు తెల్లవారుజామున 4:35. లైనప్‌లు దానికి రెండు మూడు గంటల ముందు వస్తాయి. ఎవర్ని ఈరోజు కూర్చోబెట్టారో నేను డ్యూటీలో ఉండగానే తెలుస్తుంది. నా బెంచ్ మీదివాడిని లోపలికి పంపేస్తా. అక్కడివాళ్ళేమో ఆ టైంకి ట్రాఫిక్‌లో ఉంటారు, లేదంటే పిల్లల్ని ఈతకి తీసుకెళ్తుంటారు. కిందటేడు ప్లేఆఫ్‌కి వెళ్ళానంటే అది తెలివితో కాదు, మెలకువతో.

షోలు నేను వినేది తక్కువ. వాళ్ళు పెట్టేసరికి నాకు నిద్ర టైం.

ఆల్ఫారెటా_అక్క
నాని చెప్పినదానికి విలువ ఎక్కువ. రోజూ లైనప్ మార్చే లీగ్‌లో ఖాళీగా పోయిన స్థానం అంటే పారబోసిన పాలే. సోమవారం, గురువారం చాలా జట్లకి సెలవు. ఆ రోజుల్లో ఆడేవాడిని బెంచ్ మీద ఒకడిని ఉంచుకుంటే వారానికి రెండు మూడు మ్యాచ్‌లు అదనం. ఏ షోలోనూ దీని గురించి గంటసేపు మాట్లాడరు, ఎందుకంటే ఇందులో చెప్పడానికి కథ లేదు.

సిన్సినాటి_చిన్నోడు
స్టోలెన్ బేస్‌లు పూర్తిగా వదిలేసి హోమ్ రన్‌ల మీద పడితే ఎలా ఉంటుంది? మా లీగ్‌లో ఒకడు అలాగే చేసి రెండో స్థానంలో ఉన్నాడు.

ఎడిసన్_బాబాయ్
రోటో అయితే వద్దు. పన్నెండు జట్ల రోటోలో ఒక కేటగిరీలో మొదటివాడికి 12 పాయింట్లు, ఆఖరివాడికి 1. ఒకటి వదిలేశావంటే మిగతా తొమ్మిదింట్లో ఆ పదకొండు పాయింట్లు వెతుక్కోవాలి. హెడ్ టు హెడ్‌లో వారం వారం 6-4తో గెలిచినా గెలుపే, కాబట్టి అక్కడ చెల్లుతుంది. మీదేది?

సిన్సినాటి_చిన్నోడు
హెడ్ టు హెడ్.

ఫ్రీమాంట్_ఫణి
అయినా ఇప్పుడు స్టోలెన్ బేస్‌లు వదిలెయ్యడంలో అర్థం లేదు. 2023లో బేస్‌లు 15 అంగుళాల నుంచి 18కి పెంచారు, పిచర్ రన్నర్ కోసం ఆగేది రెండుసార్లే అన్నారు. 2022లో లీగ్ మొత్తం మీద 2,486 ఉన్నవి ఒక్క ఏడాదిలో 3,503 అయ్యాయి. పాత సలహాలు చాలావరకు ఆ ముందు కాలానివి. "వేగం దొరకదు, ముందే కొనుక్కోండి" అని ఇప్పటికీ ఎవరైనా అంటుంటే అనుమానించాలి. 2025లో జాష్ నేలర్ 30 కొట్టాడు! ఆయన్ని చూస్తే పరుగెత్తుతాడని ఎవరైనా అనుకుంటారా?

సిన్సినాటి_చిన్నోడు
మా ఎల్లీ డె లా క్రూజ్ 2024లో 67. అది వేరే లోకం. అతను ఉన్నంత కాలం నేను దేన్నీ వదలను.

ఎడిసన్_బాబాయ్
నేలర్ అన్నావు కాబట్టి హువాన్ సోటో గురించి చెప్పాలి. కిందటేడాది మేలో మెట్స్‌కి ఆడుతూ తడబడుతుంటే షోలన్నిటికీ అదే భోజనం. 765 మిలియన్ డాలర్లు ఇచ్చారు, ఒత్తిడికి కుంగిపోయాడు, మనసు బ్రాంక్స్‌లోనే (పాత జట్టు యాంకీస్ దగ్గరే) ఉండిపోయింది అని. మా లీగ్‌లో ఒకాయన ఆ మాటలు విని విని విసిగిపోయి నాకు ట్రేడ్ చేశాడు. ఏడాది ముగిసేసరికి 43 హోమ్ రన్‌లు, 38 స్టోలెన్ బేస్‌లు. యాంకీస్‌ని వదిలిపోయినవాడిని తెచ్చుకున్నానని మా ఆవిడ వారం మాట్లాడలేదు.

నేను చేసిందల్లా ఒక్కటే. వాక్‌లు ఎప్పటిలాగే తీసుకుంటున్నాడా, బంతిని గట్టిగానే కొడుతున్నాడా అని చూశాను. రెండూ ఉన్నాయి. మనసు బ్రాంక్స్‌లో ఉందో క్వీన్స్‌లో ఉందో మనకెందుకు?

ఫ్రిస్కో_కిట్టు
ఇంతకీ షోలు మానెయ్యమంటారా, వినమంటారా? ఒక్కొక్కరు ఒక్కోటి చెప్తున్నారు.

ఆల్ఫారెటా_అక్క
నేను వింటాను. ర్యాంకుల కోసం మాత్రం కాదు. ఫలానావాడు ఈ వారం నుంచి ఏడో నంబర్ బదులు రెండో నంబర్‌లో బ్యాటింగ్‌కి వస్తున్నాడు, ఫలానావాడు కొత్త పిచ్ నేర్చుకున్నాడు, మైనర్ లీగ్‌లో ఎవరికి కబురు రాబోతోంది. ఇలాంటివి వినపడితే రాసుకుంటాను. "ఇతను నాకు ముప్ఫై రెండో ర్యాంకు, ఆయనకి నలభయ్యో ర్యాంకు" అని వాదులాడుకునే భాగం మొదలవగానే ముందుకి జరిపేస్తాను.

గాయాల విషయంలో ఈఎస్‌పీఎన్‌లో స్టెఫానియా బెల్ మాట్లాడితే ఆగి వింటాను. ఆవిడ ఫిజికల్ థెరపిస్ట్. ఆ కండరం మానడానికి ఎందుకంత సమయం పడుతుందో అర్థమయ్యేలా చెప్తారు. 2024లో మా బ్రేవ్స్‌కి ఏప్రిల్‌లో స్ట్రైడర్ మోచెయ్యి పోయింది, మే ఆఖర్లో అకూనా మోకాలు పోయింది. ముందటేడాది 41 హోమ్ రన్‌లు, 73 స్టోలెన్ బేస్‌లు కొట్టిన మనిషి! నేను ఇద్దర్నీ డ్రాఫ్ట్ చేసి కూర్చున్నాను. ఇద్దరూ ఆ ఏడాదికి రారని ముందే అర్థం చేసుకుని ఆ రెండు స్థానాలకి మనుషుల్ని వెతుక్కోబట్టి నాలుగో స్థానమైనా దక్కింది.

ఫ్రీమాంట్_ఫణి
పిచర్లకైతే నిక్ పొలాక్ వారం వారం వంద మంది స్టార్టర్ల (మ్యాచ్ మొదలెట్టే పిచర్ల) జాబితా వేస్తాడు, పక్కనే కారణాలు కూడా రాస్తాడు. ఈనో సారిస్ పిచ్ ఎలా తిరుగుతోంది, ఎంత వేగం అనే వైపు నుంచి మాట్లాడతాడు. ఈ ఇద్దరితో నేను ఒప్పుకోని రోజులు చాలా ఉన్నాయి, కానీ ఎక్కడ ఒప్పుకోనో నాకు తెలుస్తుంది. కారణం చెప్పనివాడితో ఆ సౌకర్యం కూడా ఉండదు.

ఎడిసన్_బాబాయ్
ఇంకోటి మర్చిపోతున్నారు. కిట్టు వినే షో అతని లీగ్‌లో మిగతా పదకొండు మందీ వింటున్నారు. ఆదివారం మధ్యాహ్నం ఆ షోలో పేరు వచ్చిందంటే రాత్రికి బిడ్ ధర పెరిగిపోయినట్టే. సీరియస్ ఎక్స్‌ఎమ్‌లో ఫాంటసీకే ఒక రేడియో చానెల్ ఉంది, ఫోన్ చేసి మరీ అడుగుతారు జనం. ఇంక రహస్యం ఎక్కడిది? అందరికీ తెలిసిన సంగతికి డబ్బు పెట్టకు. దానికి వారం ముందు, ఎవరూ మాట్లాడనప్పుడు ఒక డాలర్‌కి తెచ్చుకుని బెంచ్ మీద పెట్టుకో.

నైట్‌షిఫ్ట్_నాని
బాబాయ్ ఎన్నేళ్ళ నుంచి ఆడుతున్నారు?

ఎడిసన్_బాబాయ్
పేపర్ మీద రాసుకుని లెక్కలు కూడుకున్న కాలం నుంచి. అసలు ఈ ఆట మొదలెట్టింది డేనియల్ ఓక్రెంట్ అనే ఎడిటర్. 1979లో ఆస్టిన్ వెళ్తూ విమానంలో రూల్స్ రాసుకున్నాడట. తర్వాత న్యూయార్క్‌లో లా రోటిస్సెరీ ఫ్రాన్సేజ్ అనే రెస్టారెంట్‌లో స్నేహితులతో భోజనాలు చేస్తూ లీగ్ పెట్టాడు. రోటో అనే పేరు అక్కడిదే. 1980లో మొదటి సీజన్. విప్ లెక్క కూడా ఆయన పెట్టిందే.

తమాషా ఏమిటంటే తను మొదలెట్టిన ఆ లీగ్‌ని ఆయన ఒక్కసారీ గెలవలేదు.

గల్లీక్రికెట్
కిట్టూ, ఇక నువ్వు ధైర్యంగా ఉండొచ్చు.

ఫ్రిస్కో_కిట్టు
బాగుంది. ఇంకో అనుమానం. రోజుకో కొత్త పిచర్‌ని వెయివర్ నుంచి తెచ్చి, ఆ ఒక్క మ్యాచ్ ఆడించి వదిలెయ్యమంటారు కదా షోలలో, స్ట్రీమింగ్ అని. అది చేస్తున్నాను. స్ట్రైకవుట్‌లు వస్తున్నాయి, ఈఆర్‌ఏ పోతోంది.

ఆల్ఫారెటా_అక్క
లెక్క వేసి చూద్దాం. రోటోలో అయితే 300 ఇన్నింగ్స్‌కి నీ ఈఆర్‌ఏ 3.60 అనుకో. అంటే 120 ఎర్న్‌డ్ రన్‌లు (ఫీల్డర్ల తప్పుతో కాకుండా పిచర్ ఇచ్చిన పరుగులు). ఒక స్ట్రీమర్ మూడు ఇన్నింగ్స్‌లో ఏడు ఇచ్చాడు. 3.77 అయింది. ఇదే దెబ్బ 1200 ఇన్నింగ్స్ అయ్యాక తగిలితే 3.64. అందుకే రోటోవాళ్ళు మే నెలలో తగిలిన దెబ్బని చూసి మరీ బెంబేలు పడనక్కర్లేదు, అది సీజన్ పొడుగునా పలచబడుతుంది.

నీది హెడ్ టు హెడ్. వారానికి 40 ఇన్నింగ్స్ వేస్తావనుకుందాం. 3.60 అంటే 16 రన్‌లు. అదే స్ట్రీమర్ వచ్చి ఏడు ఇస్తే 4.81. ఆ వారానికి ఈఆర్‌ఏ పోయింది, విప్ కూడా దాదాపు పోయినట్టే. కానీ సోమవారం పొద్దున మళ్ళీ సున్నా నుంచి. కాబట్టి స్ట్రీమింగ్ చెయ్యాలా వద్దా అనేది ఆ వారం ఎదుటివాడిని బట్టి. శనివారం రాత్రికి ఈఆర్‌ఏలో ముందుండి స్ట్రైకవుట్‌లలో నలభై వెనకపడి ఉంటే ఆదివారం ఎవర్నీ దించకు, ఉన్నది కాపాడుకో. ఈఆర్‌ఏ ఎలాగూ పోయింది, స్ట్రైకవుట్‌లలో ఐదు వెనక ఉన్నావంటే ఇద్దర్ని దించు.

పైగా మీకు విన్‌లు కాదు, క్వాలిటీ స్టార్ట్‌లు. ఆరు ఇన్నింగ్స్ వెయ్యాలి, మూడుకి మించి ఎర్న్‌డ్ రన్‌లు ఇవ్వకూడదు. వెయివర్‌లో దొరికే ఈ స్ట్రీమర్లలో చాలామందిని ఐదో ఇన్నింగ్స్‌లోనే తీసేస్తారు. షోలో "విన్ వచ్చే అవకాశం ఉంది" అంటే నీకు పనికొచ్చే మాట కాదు అది.

ఫ్రీమాంట్_ఫణి
మైదానం చూడకుండా మాత్రం ఎవర్నీ దించకు. డెన్వర్‌లో కూర్స్ ఫీల్డ్ సముద్రమట్టానికి మైలు ఎత్తు, అక్కడ నా సొంత తమ్ముడు పిచింగ్ చేసినా దించను. శాక్రమెంటో కూడా అంతే. మా ఓక్లండ్ వాళ్ళు 2025 నుంచి అక్కడి మైనర్ లీగ్ మైదానంలో ఆడుతున్నారు. జూలై ఎండలో బంతి ఎగిరిపోతుంది. మా ఊరి జట్టు ఊరొదిలి పోయిందన్న బాధ ఒకవైపు, వాళ్ళ బ్యాటర్లని ఫాంటసీలో తీసుకోవలసి రావడం ఇంకోవైపు.

సిన్సినాటి_చిన్నోడు
మా మైదానం కూడా పిచర్ల పాలిట యముడే. ఎవరూ జాలి చూపించరు.

నైట్‌షిఫ్ట్_నాని
క్యాచర్ని (మన వికెట్‌కీపర్ లాంటివాడిని) ఆఖరి రౌండ్‌లో తీసుకోవాలి అన్నది అందరూ చెప్పే మాట. అది కూడా తప్పేనా?

ఎడిసన్_బాబాయ్
తప్పని కాదు. క్యాచర్లు మధ్యమధ్యలో విశ్రాంతి తీసుకుంటారు, అందుకే విలువ తక్కువ. కానీ కాల్ రాలీ 2024లో 34 హోమ్ రన్‌లు కొట్టాడు, 2025లో 60. క్యాచర్లలో ఒక్క ఏడాదిలో అన్ని హోమ్ రన్‌లు కొట్టినవాడు చరిత్రలో లేడు. అతను క్యాచింగ్ చెయ్యని రోజున కూడా బ్యాటింగ్‌కి దించుతారు, అసలు తేడా అది. ఎన్ని మ్యాచ్‌లు ఆడతాడు అన్నది చూడు, ఏ స్థానం అన్నది తర్వాత.

సైలెంట్_రీడర్
రెండేళ్ళుగా చదువుతున్నాను, ఇదే మొదటి పోస్ట్. ఓబీపీ, క్వాలిటీ స్టార్ట్‌లు, సేవ్‌లూ హోల్డ్‌లూ కలిపి, ఆఖరివాడు బిర్యానీ. ఈ లీగ్ నాకు తెలుసు కిట్టూ. ఆ పిచర్‌ని పట్టుకెళ్ళింది నేనే.

గల్లీక్రికెట్
పాప్‌కార్న్ తెచ్చుకుంటున్నా.

ఫ్రిస్కో_కిట్టు
ఎవరు నువ్వు? మూడో అంతస్తా?

సైలెంట్_రీడర్
అది వదిలెయ్. పిచర్‌ని వెనక్కి ఇస్తాను, నీ లెఫ్ట్ ఫీల్డర్ని ఇవ్వు. యావరేజ్ .221 ఉన్నాడు, నీకేం పనికొస్తాడు?

ఆల్ఫారెటా_అక్క
కిట్టూ, ఒప్పుకోకు. అతని ఓబీపీ ఎంత?

ఫ్రిస్కో_కిట్టు
.371.

ఫ్రీమాంట్_ఫణి
హహహ.

ఎడిసన్_బాబాయ్
చూశావా, యావరేజ్‌కి నీ లీగ్‌లో లెక్కే లేదని ఇతనికి తెలుసు, నీకు తెలియదనుకున్నాడు. ట్రేడ్ అంటే ఇదే. ఎదుటివాడు ఏ అంకె గురించి మాట్లాడుతున్నాడో కాదు, ఏ అంకె గురించి మాట్లాడటం లేదో చూడాలి. పిచర్ కావాలంటే నీ 61 డాలర్ల క్లోజర్ని ఇస్తానను. పేరుంది కదా, పేరుని నమ్మేవాళ్ళు ఉంటారు.

సైలెంట్_రీడర్
క్లోజర్ వద్దు. నా దగ్గర ఎనిమిదో ఇన్నింగ్స్ వాళ్ళు నలుగురున్నారు.

సిన్సినాటి_చిన్నోడు
ఈయన అక్క పోస్ట్ మనకన్నా ముందే చదివినట్టున్నాడు.

ఆల్ఫారెటా_అక్క
పోనీ ట్రేడ్ వద్దు. మిగిలిన 39 డాలర్లతో ఇద్దరు హోల్డ్ వాళ్ళని తెచ్చుకో. ఒక్కొక్కడికి ఒకటో రెండో డాలర్లు చాలు, మీ లీగ్‌లో వాళ్ళకి పోటీ ఉండకూడదు. ఎక్కువ పెట్టాల్సి వస్తే గుండ్రని అంకె వెయ్యకు. అందరూ 10 అంటారు, నువ్వు 11 అను.

ఫ్రిస్కో_కిట్టు
సరే అక్కా. ఒక స్టార్టర్ మీద కన్నుంది, గాయాల జాబితా నుంచి ఈ వారమే బయటికొచ్చాడు. స్ట్రైకవుట్‌లు బాగున్నాయి, వేగం గీత కూడా చూశాను, తగ్గలేదు. వాళ్ళ మేనేజర్ ఆరో ఇన్నింగ్స్ దాకా ఉంచుతాడు. అతనికి 17 వేద్దామనుకుంటున్నా. ఈ ఆదివారమే.

ఫ్రీమాంట్_ఫణి
ఇదీ పద్ధతి. ఏ షో చెప్పింది?

ఫ్రిస్కో_కిట్టు
ఏదీ చెప్పలేదు, నేనే వెతికాను.

సైలెంట్_రీడర్
18 వేస్తున్నా. థాంక్స్ కిట్టూ.

ఫ్రిస్కో_కిట్టు
మోడరేటర్ గారూ, పోస్ట్ ఎడిట్ చేసే బటన్ ఎక్కడుంది?

మోడరేటర్
పోస్ట్ చేసిన పదిహేను నిమిషాల వరకే ఉంటుందండి. అయిపోయింది.

నైట్‌షిఫ్ట్_నాని
కిట్టన్నా, బాస్మతి మంచి బ్రాండ్ ఏదో కావాలంటే చెప్పు.